ప్రశ్నపత్రానికి ఉన్న పహరా పరీక్ష రాసే పిల్లకు ఏది?

ప్రభుత్వ పరీక్షల విభాగం డైరెక్టర్ గారికి,
హైదరాబాద్.

అయ్యా, నమస్కారం.

ములుగు జిల్లాలో హైస్కూల్ టీచర్‌గా పనిచేస్తున్నాను. పదో తరగతి పరీక్షలకు మొదట ఇన్విజిలేటర్‌గా, తర్వాత డిపార్ట్‌మెంటల్ ఆఫీసర్ (డీవో)గా, సెంటర్ బాధ్యత మొత్తం చూసే చీఫ్ సూపరింటెండెంట్‌గా కూడా డ్యూటీ చేశాను. ప్రతి ఏడూ మీ ఆఫీసు నుంచి సూచనలు వస్తాయి. డీఈవో గారు మమ్మల్ని పిలిచి మీటింగ్ పెడతారు. కవర్ ఎప్పుడు విప్పాలి, ఓఎంఆర్ షీట్ ఎప్పుడివ్వాలి, ఆబ్సెంట్ల లెక్క ఏ ఫారంలో రాయాలి, అన్నీ చెప్తారు. పిల్లలు సెంటర్‌కు ఎట్లా వస్తారన్న మాట మాత్రం ఆ మీటింగుల్లో నేనింతవరకు వినలేదు. ఈ ఉత్తరం దాని గురించే.

ముందు ప్రశ్నపత్రం సంగతి చూద్దాం. పరీక్షలు మొదలవకముందే అది పోలీస్ స్టేషన్‌కు చేరుతుంది. పెట్టెకు తాళం, తాళానికి సీలు, సీలుకు కాపలా బాధ్యుడిగా ఒక కస్టోడియన్. పరీక్ష రోజు పొద్దున్నే చీఫ్ సూపరింటెండెంటూ డీవో ఇద్దరూ కలిసి స్టేషన్‌కు పోవాలి. ఒక్కరే పోతే ఇవ్వరు. కవర్ మీద తేదీ, సబ్జెక్టు, పేపర్ కోడ్, మీడియం అన్నీ పైకి చదివి సరిచూసుకోవాలి. రిజిస్టర్‌లో టైమ్ వేసి సంతకాలు పెట్టాలి. స్టేషన్‌కు దూరంగా ఉన్న సి కేటగిరీ సెంటరైతే దానికి వేరే వాహనం, వెంట కానిస్టేబుల్. సెంటర్‌కు చేరాక సీసీ కెమెరా ఎదుట ఇన్విజిలేటర్ల సంతకాలు తీసుకుని కవర్ కోస్తాం. పేపర్ చేతికి రాగానే పిల్లలు దాని మీద హాల్‌టికెట్ నంబర్ వేసుకోవాలి. ఆ కాగితం ఏ నిమిషంలో ఎవరి చేతిలో ఉందో ఎవరడిగినా చెప్పగలం.

ఇక పిల్ల సంగతి. మార్చి నెల అంటే మా దిక్కు మిర్చి ఏరే కాలం. ఏటూరునాగారం, మంగపేట, వాజేడు, వెంకటాపురం, ఎటు చూసినా కల్లాల్లో ఎర్రగా మిర్చి ఆరబోసి ఉంటుంది. అడవిని ఆనుకున్న ఊళ్లల్లో ఇప్పపూవు ఏరడం కూడా అప్పుడే మొదలవుతుంది. తెల్లవారకముందే తల్లిదండ్రులు పోతారు. ఇంట్లో పిల్లను లేపేది ఫోన్ అలారం, అదీ ఇంట్లో ఫోన్ ఉంటేనే. ఉన్న ఒక్క ఫోన్ నాన్న జేబులో చేనికి పోతుంది. పిల్ల తనంతట తానే లేచి, రాత్రి అన్నం ఇంత తిని, హాల్‌టికెట్ ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకుని రోడ్డు మీదికొస్తుంది. ఆ దారిలో పొద్దున వచ్చే పల్లెవెలుగు ఒకటే. కూలీ పనికి పోయే ఆడవాళ్లతో అది ముందు స్టాప్‌లోనే నిండిపోయి ఉంటుంది. మహాలక్ష్మి వచ్చాక ఆడపిల్లలకు టికెట్ బాధ తప్పింది, నిజమే. కానీ బస్సు ఆగితేనే కదా ఉచితమైనా.

మా సెంటర్‌కు వచ్చే పిల్లల నోట వినీవినీ నాకు అలవాటైపోయిన మాట ఒకటుంది. "బస్సు ఆపలే సార్." ఏదో సాకు చెప్తున్నట్టుగా ఉండదు ఆ గొంతు. మామూలు సంగతి చెప్పినట్టు చెప్తారు. చెమటతో అంటుకుపోయిన చొక్కా, రబ్బరు చెప్పుల మీద ఎర్ర దుమ్ము. ఇన్విజిలేటర్ ఓఎంఆర్ మీద పేరు సరిచూసి సంతకం పెట్టమంటే పెన్ను పట్టుకున్న చెయ్యి వణుకుతుంటుంది. పక్కవాళ్లు అప్పటికి పార్ట్-ఎ మొదటి ప్రశ్న సగం రాసేసి ఉంటారు.

ఉదయం 9:30కు పరీక్ష. 5 నిమిషాల వెసులుబాటుతో 9:35 వరకు లోపలికి రానిస్తాం. ఆ 5 నిమిషాలు ఎట్లా వచ్చాయో మీకు నేను చెప్పక్కర్లేదు. 2024 ఫిబ్రవరి 29న ఆదిలాబాద్ జిల్లాలో ఇంటర్ పిల్లాడొకడు ఆలస్యమైందని లోపలికి రానివ్వకపోతే ప్రాణం తీసుకున్నాడు. అప్పటిదాకా ఒక్క నిమిషం ఆలస్యమైనా రానివ్వని నిబంధనే. ఆ తర్వాతే ఇంటర్ బోర్డు 5 నిమిషాలు సడలించింది, మన టెన్త్‌కు కూడా అదే వచ్చింది. సడలింపు మంచిదే, కాదనను. కానీ ఆ పిల్లాడు ఎందుకు ఆలస్యమయ్యాడు, అట్లా ఇంకొకరు ఆలస్యం కాకుండా ఎవరు చూడాలి అన్న ప్రశ్నను గేటు దగ్గరి ఆ 5 నిమిషాలతో సరిపెట్టేశాం.

కట్టుదిట్టం ఎందుకు పెరిగిందో నాకు తెలుసు. 2023 ఏప్రిల్‌లో వరుసగా రెండు రోజులు, ముందు తాండూరులో తెలుగు పేపర్, మర్నాడు మన హనుమకొండ జిల్లా కమలాపూర్‌లో హిందీ పేపర్ వాట్సాప్‌కెక్కాయి. కమలాపూర్‌లో బయటి నుంచి కిటికీ దాకా ఎక్కొచ్చినవాడు లోపలి పిల్లాడి పేపర్ ఫొటో తీశాడు. ఆ పేపర్ పిల్లాణ్ణి డిబార్ చేశాం. వాడు హైకోర్టుకు పోతే తప్ప మిగతా పరీక్షలు రాసే దారి దొరకలేదు. కిటికీకి జాలీ కొట్టించాల్సింది ఎవరు, గోడ చుట్టూ పోలీసు తిరగాల్సింది ఎక్కడ అన్న లెక్క తర్వాత తేలింది. ముందు తేలింది మాత్రం పిల్లాడి లెక్క. అప్పటి నుంచి ప్రతి సెంటర్‌లో కిటికీలు చూస్తున్నాం, ఫోన్లు గేటు బయటే తీసుకుంటున్నాం. చీఫ్ సూపరింటెండెంట్ సహా ఎవరి దగ్గరా ఫోన్ ఉండొద్దంటే సరేనన్నాం. ఇవన్నీ కావాల్సినవే.

2025 మార్చి 21న, మొదటి రోజే, మంచిర్యాలలో ఒక సెంటర్‌లో తెలుగు పరీక్షకు హిందీ ప్రశ్నపత్రాల కట్ట బయటపడింది. సరైన పేపర్ తెప్పించి పరీక్ష మొదలుపెట్టేసరికి దాదాపు 2 గంటలు గడిచాయి. బాధ్యుల మీద చర్య తీసుకున్నారు, అది మీ శాఖ చూసుకునే పని. నా బుర్రలో తిరిగింది వేరే సంగతి. అదే తప్పు జిల్లా కేంద్రంలో కాక మా తాడ్వాయి దిక్కో, కన్నాయిగూడెం దిక్కో జరిగితే? పన్నెండున్నరకు అయిపోవాల్సిన పరీక్ష రెండున్నరకు అయిపోతే, ఆ మధ్యాహ్నం బస్సు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. పొద్దున ఏడింటికి తిన్న పిల్లలకు మధ్యలో ఎవరు అన్నం పెట్టాలి, సాయంత్రం అడవి దారిలో ఇంటికి ఎవరు చేర్చాలి అన్నది మీ సూచనల్లో ఏ పేజీలోనూ దొరకదు. పేపర్ తారుమారైతే ఏం చెయ్యాలో ఉంది. పిల్లలు చిక్కుబడిపోతే ఏం చెయ్యాలో లేదు.

దూరం సంగతికొస్తాను. సెంటర్ కేటాయించేటప్పుడు కిలోమీటర్లు చూస్తారు. మ్యాప్ మీద చూస్తే 8 కిలోమీటర్ల సెంటర్ 14 కిలోమీటర్ల దానికంటే దగ్గరే. కానీ ఆ ఎనిమిదికి బస్సు లేదు, మధ్యలో వాగు, ఆటో నిండితే తప్ప కదలదు. పద్నాలుగు కిలోమీటర్ల సెంటర్ మెయిన్ రోడ్డు మీద ఉంటుంది, అరగంటకో బస్సు పోతుంది. ఊళ్లో ఎవర్నడిగినా రెండోదే దగ్గరంటారు. ఈ సంగతి హెడ్‌మాస్టర్‌కు తెలుసు, మండల విద్యాధికారి ఎంఈవోకు తెలుసు. కానీ ఇప్పుడు చాలా మండలాల్లో హెడ్‌మాస్టరే ఇన్‌చార్జి ఎంఈవో. సొంత స్కూలు, మండలం మొత్తం, వాటి మీద పరీక్షలు. ఆయన ఏ కాగితం మీద సంతకం పెడుతున్నాడో చూసుకునే తీరిక కూడా ఉండదు. జాబితా పోయినేడుదే ఈ ఏడూ వెళ్తుంది.

గురుకులాల్లో, కస్తూర్బాల్లో, ఐటీడీఏ ఆశ్రమ పాఠశాలల్లో ఉండే పిల్లలకు ఈ బాధ తక్కువ. వార్డెన్ లేపుతారు, తినిపిస్తారు, కలిపి తీసుకొస్తారు. నేను చెప్పేది ఇంటి నుంచి వచ్చే జెడ్పీ హైస్కూల్ పిల్లల గురించి.

ఒక ఏడాది మా సెంటర్‌లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. మా సెంటర్‌కు పిల్లల్ని పంపే స్కూళ్ల హెడ్‌మాస్టర్లతో ముందే మాట్లాడుకున్నాం. ప్రతి స్కూలు నుంచి ఆ రోజు పరీక్ష సబ్జెక్టుతో సంబంధం లేని టీచర్ ఒకరు 8:30కల్లా గేటు బయట, రోడ్డు అవతల నిలబడతారు. పిల్లలు వస్తుంటే పేరు మీద టిక్కు. 8:45కు ఎవరు రాలేదో తేలిపోతుంది. ఊళ్లో ఆశా వర్కర్‌కో, కిరాణా కొట్టుకో ఫోన్. అవసరమైతే బండి తీసుకుని ఎదురెళ్లడం. ఇంతే. పెద్ద ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అడగలేదు. ఆ ఏడాది గేటు మూసే టైమ్‌కు మా దగ్గర పరుగు లేదు. జ్వరంతో పడుకున్న ఒక పిల్లను కూడా ఆ ఫోన్ వల్లే తెప్పించి, ఏఎన్ఎమ్ చేత మాత్ర వేయించి కూర్చోబెట్టగలిగాం.

తర్వాత తనిఖీ స్క్వాడ్ వచ్చింది. సెంటర్ ముందు ఫోన్ పట్టుకుని నిలబడ్డ టీచర్లను చూసి, ఏ ఉత్తర్వు ప్రకారం ఉన్నారని అడిగింది. వాళ్ల తప్పేం లేదు, సెంటర్ దగ్గర గుంపు కట్టకూడదన్న ఉత్తర్వు వాళ్ల చేతిలో ఉంది. మా చేతిలో ఏదీ లేదు. మర్నాటి నుంచి టీచర్లు భయపడి రావడం మానేశారు. నేను వాళ్లను తప్పుపట్టను. సస్పెన్షన్ ఆర్డర్ రావడానికి పరీక్షల కాలంలో పూట చాలు, దాన్ని ఎత్తేయించుకోవడానికి ఏడాది తిరగాలి.

అందుకే అడుగుతున్నాను, ఈ పనిని రాతపూర్వకంగా ఎవరికైనా అప్పగించండి. టీచర్లే అక్కర్లేదు, కొన్ని బడులకు కలిపి ఒకరుగా ఉండే క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు (సీఆర్పీలు) ఉన్నారు. కస్టోడియన్‌కు ఇచ్చినట్టే వాళ్లకూ ఒక ఆర్డర్ కాపీ ఇవ్వండి. పోలీసులకు, స్క్వాడ్‌కు ఆ కాపీ చూపిస్తే చాలు. 8:45కు లెక్క, 9 గంటలకు చీఫ్ సూపరింటెండెంట్‌కు చీటీ. ఇప్పుడు ఆబ్సెంట్ల వివరాలు పరీక్ష మొదలయ్యాక పైకి పంపుతాం, అప్పటికి ఆ వివరాలతో పిల్లకు ఒరిగేదేం లేదు. ముప్పావు గంట ముందే తెలిస్తే పనికొస్తుంది.

ఆర్టీసీ వాళ్లతో మాటలు కలెక్టరేట్‌లో ఏటా జరుగుతాయి. "పరీక్షల దృష్ట్యా బస్సులు సమయానికి నడపాలి" అని మినిట్స్‌లో ఒక వాక్యం రాస్తారు. ఆ వాక్యం డ్రైవర్ దాకా పోదు. అతనికి కావాల్సింది ఏ స్టాప్‌లో ఎంతమంది హాల్‌టికెట్ పిల్లలు ఉంటారో రాసిన కాగితం. అది హెడ్‌మాస్టర్ దగ్గర, పరీక్ష రాసే పిల్లల జాబితా అయిన నామినల్ రోల్‌లోనే ఉంది, డిపో మేనేజర్ టేబుల్ మీదికి పోవాలంతే.

9:35 నిబంధన గురించి ఒక మాట. దాన్ని ఎత్తేయమనడం లేదు. పేపర్ పంచాక బయట ఎవరి ఫోన్లో ఏముందో తెలియదు, ఆలస్యంగా వచ్చినవాళ్లను చూసి అనుమానపడక తప్పదు, నాకు అర్థమవుతుంది. కానీ ఫలానా బస్సు ఫలానా ఊరి దగ్గర చెడిపోయింది, అందులో మన పిల్లలు ఇంతమంది ఉన్నారు అని 9 గంటలకే చీఫ్ సూపరింటెండెంట్ రిజిస్టర్‌లో ఎక్కితే, పక్కన సీఆర్పీ సంతకం ఉంటే, ఆ పిల్లలు వెంట మనిషితో 9:45కు వచ్చినా లోపలికి రానివ్వొచ్చు కదా. ఇప్పుడు అట్లా రానిస్తే నా ఉద్యోగం మీదికొస్తుంది, రానివ్వకపోతే నాకేమీ కాదు. ఈ రెంటిలో చీఫ్ సూపరింటెండెంట్ ఏది చేస్తాడో మీరే ఊహించండి.

రెమ్యునరేషన్ ఎప్పుడొస్తుందో, ఒంటిపూట బడుల కాలంలో సెంటర్ ఉన్న స్కూలు చిన్న పిల్లలకు మధ్యాహ్నం ఎండలో పాఠాలు ఎట్లా చెప్తున్నామో, అవి వేరే ఉత్తరానికి సరిపోయే సంగతులు. ఇందులో కలపను.

సెంటర్ల ప్రతిపాదనలు డీఈవోల నుంచి మీ దగ్గరికి వచ్చేటప్పుడు ఆ ఫార్మాట్‌లో ఒక్క కాలమ్ పెంచండి. ఆ సెంటర్‌కు వచ్చే ప్రతి ఊరికీ ఎదురుగా, పిల్లలు ఏ బండిలో బయల్దేరుతారు, ఎన్నింటికి దిగుతారు, పరీక్ష అయ్యాక తిరుగు బస్సు ఎన్నింటికి. ఆ కాలమ్ నింపని సెంటర్‌ను ఆమోదించకుండా వెనక్కి పంపండి. మా జిల్లా ఊళ్ల వివరాలు కావాలంటే మండలాలవారీగా రాసిస్తాం, దానికి మాకు వారం చాలు.

ఇట్లు,
ఒక స్కూల్ అసిస్టెంట్,
ములుగు జిల్లా.