వార్షిక నివేదిక: వేరుశనగ బూజు విషం, మన పిల్లల ఎదుగుదల

సభ్యులందరికీ నమస్కారం. వేరుశనగకు పట్టే బూజు విషం పిల్లల తిండిలోకి రాకుండా చూడటానికే సంఘం పెట్టుకున్నామని మీకు తెలిసిందే కనుక నేరుగా పనుల్లోకి వస్తాను.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవలసింది కల్లంలో జరిపిన ప్రదర్శన. పీకిన చెట్లను కాయలు పైకి వచ్చేలా తిరగేసి వరుసలుగా ఆరబెట్టి చూపించాం. పచ్చి మీదే వామి వేస్తే లోపల ఉక్కపట్టి బూజు లేస్తుంది. కాయ ఊపితే గింజ గలగలమనాలి. తేమ 8 శాతానికి దిగాకే సంచికెత్తి, చెక్కల మీద, గోడకు ఎడంగా పేర్చాలి. ఎక్కువ వాదన నడిచింది ఒలిచే ముందు కాయ మీద నీళ్లు చల్లడం గురించి. పప్పు పగలకూడదని చల్లుతారు. ఆ తడితోనే మూట కడితే అంతదాకా ఆరబెట్టిన శ్రమ వృథా. చల్లక తప్పదంటే పప్పును మళ్లీ ఎండబెట్టాల్సిందే.

బెట్ట ఏడాదిలో విషం పొలంలోనే మొదలవుతుంది. కోతకు ముందు మూడు నుంచి ఆరు వారాలు వాన లేక భూమి వేడెక్కితే ఆస్పర్జిల్లస్ బూజు కాయలోకి దిగి అఫ్లాటాక్సిన్ అనే ఈ విషాన్ని పుట్టిస్తుంది. అందుకే ముడతపడ్డవి, రంగు మారినవి, పురుగు తొలిచినవి ఏరేయాలి. బాధేమిటంటే మంచి పప్పు మార్కెట్‌కు పోతోంది, ఏరేసింది పిల్లల చట్నీకి, పొడికి మిగులుతోంది. వేయించినా ఉడికించినా ఈ విషం పూర్తిగా పోదు. గానుగాడిస్తే చాలావరకు నూనె తీశాక మిగిలే చెక్కలో ఉండిపోతుంది. ఆ చెక్క తిన్న ఎనుము పాలలోకీ దిగుతుంది.

బెనిన్, టోగో పిల్లలపై 2002లో వెలువడిన అధ్యయనంలో, ఎదుగుదల తగ్గిన పిల్లల రక్తంలో అఫ్లాటాక్సిన్ ఆనవాళ్లు ఎక్కువగా కనిపించాయి. తల్లిపాలు మాని ఇంటి తిండికి మారినవారిలో మరీ ఎక్కువ. ఎదుగుదల మీద జరిగిన అధ్యయనాల్లో అన్ని దేశాల్లో ఫలితాలు ఒకేలా రాలేదు. ఈ విషం కాలేయ క్యాన్సర్ తెస్తుందనడంలో మాత్రం సందేహం లేదు.

కల్లం ఇచ్చిన రైతన్నలకు, ఎండలో కూర్చుని పప్పు ఏరిన అక్కచెల్లెళ్లకు, పిల్లల ఎత్తు, బరువు కొలిచిన అంగన్‌వాడీ టీచరమ్మకు, టార్పాలిన్లు సమకూర్చిన దాతలకు కృతజ్ఞతలు. పేర్లు రాయించుకున్న వాలంటీర్లలో చాలామంది ఏరివేత రోజున రాలేదు. భారమంతా ఆ ఆడవాళ్లమీదే పడింది. విషం ఒక గింజలో ఉండి పక్క గింజలో ఉండకపోవచ్చు గనుక, పలు బస్తాల పైన, నడుమ, అడుగు నుంచి తీసి కలిపిన నమూనా పరీక్షకు ఇచ్చాం. ఎన్నిసార్లు తిరిగినా, నమూనా ఇచ్చిన కార్యాలయం నుంచి జవాబు లేదు. మన దేశంలో నేరుగా తినే గింజల్లో ఈ విషానికి కిలోకు 10 మైక్రోగ్రాములే పరిమితి. అంత సూక్ష్మమైనది కంటితో ఎలా తేల్చగలం?

జమాఖర్చుల పట్టిక జతచేశాం, ఆమోదించగలరు.

టార్పాలిన్లు ఇంకా తిరిగివ్వని సభ్యులు కోతకు ముందే గోదాములో అప్పగించాలి.

— కార్యదర్శి