బ్యాండు వాళ్లని ఒక్క సాయంత్రం కూర్చోబెట్టి విందాం

సంపాదకులు గారికి నమస్కారం.

దసరా వెళ్లాక వచ్చే మంగళవారం మన పైడితల్లమ్మ సిరిమానోత్సవం, దాంతోపాటే విజయనగర ఉత్సవాలు. ఆ ప్రోగ్రాముల లిస్టు ఫైనల్ అయిపోకముందే ఒక మాట అడుగుదామని రాస్తున్నాను. మన బ్యాండు మేళం వాళ్లకి ఒక సాయంత్రం స్టేజి ఇవ్వండి. ఊరేగింపు ముందు నడవడానికి కాదండి, కూర్చుని కచేరీ చెయ్యడానికి.

ఈ ఆలోచన నాకు వైజాగ్‌లో వచ్చింది. నేవీ డే ముందు నేవీ బ్యాండు కచేరీ పెడతారు కదా, రెండేళ్ల కిందట మా బావగారు పాస్ సంపాదించి రమ్మంటే వెళ్లాను. అంతమంది ఒకేసారి ఊదితే చెవులు గింగురుమంటాయేమో అనుకుంటూ వెళ్లాను. తీరా మధ్యలో ఒకచోట ట్రంపెట్లు, ట్రాంబోన్లు, హార్న్‌లు, అన్నిటికన్నా పెద్దదీ మందర స్వరం పలికేదీ అయిన ట్యూబా అన్నీ కలిసి ఎంత చిన్నగా వాయించారంటే, నా పక్కనాయన పాస్ కాగితం మడతపెడుతుంటే ఆ చప్పుడు నాకు వినపడింది. అంత ఇత్తడి అంత మెత్తగా పలుకుతుందని నాకు అప్పటిదాకా తెలీదు. ఆ తర్వాత అదే స్వరం మెల్లిగా పెరుగుతూ పెరుగుతూ వచ్చి, ట్యూబా కిందనుంచి అందుకునేసరికి కుర్చీ చేతుల మీద పెట్టుకున్న నా అరచేతులకి అదురు తగిలింది. ఇంటికొచ్చి నేను ఫోన్లో తీసుకున్న వీడియో పెట్టుకుంటే రేకు డబ్బా కొట్టినట్టుంది, ఆ అదురు ఏదీ?

బ్యాండు అంటే గోల అని మనలో చాలామంది అనుకుంటాం, కానీ చిన్నగా ఊదడమే కష్టమట. ఊపిరి కాస్త తగ్గితే పెదాలు అదరడం ఆగిపోయి స్వరం తెగిపోతుంది. ట్రంపెట్‌కి ఉన్నవి మూడే మీటలు, వాటిని ఎలా నొక్కినా ఎనిమిది రకాలే అవుతాయి, మిగతాదంతా పెదాల బిగువుతో పట్టుకోవాల్సిందే. ఇదంతా నాకు చెప్పింది మన పెళ్లి బ్యాండు మాస్టారు ఒకాయనే. గజపతినగరం దగ్గర మా మేనకోడలి పెళ్లిలో, విడిదింటి అరుగు మీద కూర్చుని, ట్రంపెట్ కింది చిన్న మూత తెరిచి లోపలి నీళ్లు దులుపుకుంటున్నారు. పై పెదవి మీద మౌత్‌పీస్ ఒత్తిడికి గుండ్రంగా మచ్చ పడిపోయింది. కల్యాణిలో కాస్త వినిపించండి మాస్టారూ అంటే మీటలు సగం సగం నొక్కి వదుల్తూ గమకాలు పలికించారండి, వీధిలో ఆడుకుంటున్న పిల్లలు కూడా వచ్చి నిలబడిపోయారు. ఇంతలో డీజే బండి వచ్చింది, జనరేటర్ ఆన్ చేశారు, ఇంక ఆయన ట్రంపెట్ ఆయనకే వినపడలేదు. ఆ పది నిమిషాలు తల్చుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అది తెల్లదొరల వాయిద్యం, మన సంగీతానికి పనికిరాదు అనేవాళ్లున్నారు. వయొలిన్ మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చిందండీ? 1919లో మన ఊళ్లో సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్ అయితే, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడే వయొలిన్ నేర్పారు, తర్వాత ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. ఆయన వాయిస్తుంటే ఇది పరాయి వాయిద్యం అని ఎవరికైనా తోచిందా? ట్రాంబోన్‌కి అయితే మీటలే ఉండవు, గొట్టాన్ని ముందుకీ వెనక్కీ జరపడమే, వయొలిన్ తీగ మీద వేలు జారినట్టే జారుతుంది స్వరం. గమకానికి ఇంతకన్నా ఏం కావాలి.

ఇంగ్లండులో యార్క్‌షైర్‌లో బ్లాక్ డైక్ అని ఒక బ్యాండు ఉంది, 1855 నుంచి ఆ పేరుతో నడుస్తోంది. అది ఒక ఉన్ని మిల్లు బ్యాండు, మన నెల్లిమర్ల జూట్ మిల్లులాగే అనుకోండి, షిఫ్టు దిగి వచ్చి వాయించుకునే కార్మికుల నుంచి మొదలైంది. ఇప్పుడు అలాంటి బ్యాండ్లు లండన్‌లో రాయల్ ఆల్బర్ట్ హాల్లో పోటీపడితే జనం టికెట్ కొనుక్కుని వెళ్తున్నారు. మన బ్యాండు వాళ్లు కూడా కష్టజీవులే, ముహూర్తాలున్న నెలల్లో బ్యాండు, మిగతా నెలల్లో దొరికిన పని. వాళ్ల విద్యని మనం ట్రాఫిక్‌లో, బాణసంచా మధ్యలో, నడుస్తూ మాట్లాడుకుంటూ తప్ప ఎప్పుడైనా విన్నామా?

కాబట్టి ఆనంద గజపతి ఆడిటోరియంలో ఒక గంటన్నర ఇప్పించండి. మైకులొద్దు, ఆ హాలుకి అక్కర్లేదు. సగం సేపు మన జిల్లా బ్యాండ్లు, సగం సేపు నేవీ బ్యాండు వాళ్లని పిలిస్తే ఇంకా బాగుంటుంది, మనవాళ్లూ వింటారు, వాళ్లూ మనవాళ్లని వింటారు. సినిమా పాటలే వాయించినా సరే. ఆహ్వానపత్రికలో మాస్టార్ల పేర్లు వెయ్యాలి, పెళ్లికి ఇచ్చేదానికి తక్కువ కాకుండా డబ్బు ఇవ్వాలి. ఇంకొక్కటి, స్టేజి మీద చేతుల్లేని కుర్చీలు వేయించండి, చేతులుంటే యుఫోనియం, అంటే చిన్న ట్యూబాలాంటి వాయిద్యం, ఒళ్లో పట్టదట.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కంటోన్మెంట్, విజయనగరం