వసుధకు నాన్న ఉత్తరం

బందరు

చి॥ల॥సౌ॥ వసుధకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నీ గొంతు విని ఇరవై రెండు రోజులైంది. మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ పంపుతున్నావు. దాన్ని నేను జవాబు కింద లెక్కవేసుకోను.

పొద్దుపోక ఫ్రాన్సులో నువ్వుండే మార్సేయ్ చరిత్ర చదువుతున్నాను. క్రీ.పూ. 600 ప్రాంతంలో ఫోకాయా నుంచి, అంటే ఇప్పటి టర్కీ తీరం నుంచి, గ్రీకులు ఓడలేసుకొచ్చి కట్టిన ఊరట. అప్పుడు దాని పేరు మస్సాలియా. పాతకాలపు గ్రీకు భూగోళవేత్త టాలెమీ మన కృష్ణా తీరాన్ని మైసోలియా అన్నాడు. రెండు పేర్లూ చెవికి ఎంత దగ్గరగా ఉన్నాయో చూడు! అందుకేనేమో, నువ్వు మరీ దూరాన లేవని అనిపిస్తుంది.

చిట్టి పిన్ని ఏదో అంది. దాని సంగతి తర్వాత.

ఆ గ్రీకులు దిగిన రోజున అక్కడి దొర నన్నస్ ఇంట్లో కూతురు గిప్టిస్ పెళ్లి విందు. వాళ్ల ఆచారం ప్రకారం వరుణ్ణి ముందుగా అనుకోరు. విందులో పిల్ల ఎవరికి నీళ్ల గిన్నె అందిస్తే అతనే అల్లుడు. ఈ పరాయివాళ్లనీ పిలిచి కూర్చోబెట్టారు. ఆ పిల్ల తనవాళ్లందరినీ దాటుకుంటూ వెళ్లి, ప్రోటిస్ అనే గ్రీకువాడి చేతిలో పెట్టింది గిన్నె. నన్నస్ కాదనలేదు, ఊరు కట్టుకోవడానికి చోటిచ్చాడు. అరిస్టాటిల్ చెప్పిన కథలో పిల్ల పేరు పెట్టా, వరుడు యూక్సెనస్. ఏ కథలోనూ ఆ క్షణాన తండ్రి మనసులో ఏముందో రాయలేదమ్మా. దానికోసమే మళ్లీ మళ్లీ తిరగేశాను.

నన్నస్ పోయాక కొడుకు కొమానస్, ఆకులు కప్పిన బళ్లలో మనుషుల్ని దాచి పండగనాడు ఊరి మీద పడబోయాడు. ఒక గ్రీకు కుర్రాణ్ణి ప్రేమించిన అతని చుట్టాలమ్మాయే ఆ గుట్టు చెప్పేసింది. ఊరు దక్కింది.

అయితే ఇదే ఊరు రోమువాళ్ల అంతర్యుద్ధంలో సీజరుకు ఎదురు నిలిచిన పాంపే పక్షం చేరి క్రీ.పూ. 49లో సీజరు ముట్టడికి లొంగిపోయింది. ఓడలు, ఖజానా అన్నీ అప్పగించాల్సి వచ్చింది. ఎవరి వైపు నిలబడాలో తేల్చుకునేముందు నిదానించాలి. మనిషిని జ్వరమొచ్చినప్పుడు చూడాలి, డబ్బు దగ్గర చూడాలి, వాళ్లమ్మతో ఎలా మాట్లాడతాడో చూడాలి. ఇదంతా రాయకూడదనే కూర్చున్నాను.

1967లో తవ్వితే బయటపడిన ఆ పురాతన కాలపు రేవు గోడల చుట్టూ ఇప్పుడు తోట ఉందట, ఇప్పుడు మీరు ‘పాత రేవు’ అనే చోటుకి దగ్గర్లోనే. చూశావా? ఒక్కదానివే వెళ్లావా? మిస్ట్రాల్ అనే ఆ చలిగాలి వీచేటప్పుడు చెవులకి ఏదైనా కట్టుకో, చిన్నప్పటి చెవిపోటు గుర్తుంది కదా.

పిన్ని చెప్పింది నిజమే అయితే నీ నోట వినాలని ఉంది. కోప్పడను. ఆదివారం పొద్దున్నే ఫోన్ చెయ్యి, ఇంట్లోనే ఉంటాను.

కందిపొడి ఇద్దరికి సరిపడా కట్టమంటోంది అమ్మ. నువ్వు చెప్పాకే కట్టిస్తాను.

నాన్న