కాప్స్యూల్ విప్పి చూపించిన పెద్దాయనకు

నిద్రకళ్ళతో రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి.

అక్కకి వచ్చింది పాంక్రియాస్‌లో, అంటే క్లోమంలో, అరుదైన న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ (హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టే గడ్డ). మొదటిసారి తోక భాగాన్నీ ప్లీహాన్నీ తీశారు. ఈసారి మిగిలిన తల భాగంలో తిరగబెట్టింది. పాత ఆపరేషన్ అతుకుల్ని ఓపిగ్గా విడదీసి, మిగిలిన పాంక్రియాస్, చిన్నపేగు మొదటి భాగం, గాల్ బ్లాడర్, పైత్యనాళం కింది కొస తీసేసి, పైత్యనాళాన్నీ పొట్టనీ పేగుకి కలిపి కుట్టిన సర్జన్ గారికీ, మత్తు డాక్టర్లకీ దండాలు. పాంక్రియాస్ కుట్టే లేదు కాబట్టి అక్కడ లీకయ్యే భయం లేదు. కానీ అరుగుదల ఎంజైములు, ఇన్సులిన్, పడిపోయిన షుగర్‌ని పైకి లేపే గ్లూకగాన్, మూడూ ఒక్కసారే పోయాయి.

డిశ్చార్జ్ కాగితంలో ఎంజైమ్ కాప్స్యూళ్ళ ఎదురుగా ‘తిన్న తరవాత’ అని ఉంది. అలాగే వేశాం. విరేచనం పాలిపోయి, జిడ్డుగా, నీళ్ళు కొట్టినా పోకుండా తేలేది. తిన్నది ఒంటబట్టక, ఇన్సులిన్ మాత్రం పనిచేసి, అర్ధరాత్రి షుగర్ పడిపోయేది.

రివ్యూ రోజు బెంచీ మీద పక్కన కూర్చున్న పెద్దాయన మా డబ్బా చూసి, "ఎప్పుడు వేస్తున్నారమ్మా?" అన్నారు. ఆయనకీ పాంక్రియాస్ మొత్తం తీసేశారట. జేబులోంచి తన కాప్స్యూల్ ఒకటి తీసి, మెలితిప్పి, అరచేతిలో పోశారు. సన్నటి గోధుమరంగు పూసలు. "ఈ పూత పొట్టలో ఆమ్లానికి కరగదు, పేగులో కరుగుతుంది. ముద్దతో కలిసి వెళ్ళాలి తల్లీ. ముద్ద ముందే దాటిపోయాక పంపితే ఇది దేన్ని అరిగిస్తుంది?"

మొదటి ముద్దతో ఒకటి, భోజనం మధ్యలో ఇంకొకటి. నమలకూడదు, వేడివాటిలో కలపకూడదు. డబ్బా మీది అంకె లైపేజ్ (కొవ్వుని అరిగించే ఎంజైమ్) యూనిట్లు: మామూలుగా భోజనానికి 40,000 నుంచి 50,000, చిరుతిండికి 25,000తో మొదలు. జిడ్డు ఆగకపోతే డాక్టర్‌ని అడిగి పెంచుకోవాలి. అరుగుదల కుదిరాక ఇన్సులిన్ అవసరమూ పెరగొచ్చు, అందుకని షుగర్ చూసుకుంటూ ఉండాలి. గ్లూకోజ్ పొడి మంచం పక్కనే ఉండాలి.

మధ్యలో ఆయన టోకెన్ నంబర్ పిలిచారు. లేవలేదు. రెండోసారీ పిలిచారు. "నాకేం తొందర లేదు, ఇది పూర్తిగా విను" అన్నారు. అక్కడే నాకు ఏడుపు ఆగలేదు. పేరైనా అడగలేదు. మీరెవరో గానీ, అక్క ఇప్పుడు ఒక పూట భోజనం అరిగించుకోగలుగుతోంది.

అంత కష్టమైన ఆపరేషన్ చేసి పంపేటప్పుడు, ‘తింటూ వేసుకోవాలి’ అని రాయడానికీ, పక్కన కూర్చుని పది నిమిషాలు చెప్పడానికీ ఒక మనిషి ఉండరా? ఆయన ఆ బెంచీ మీద లేకపోతే మాకు ఎవరు చెప్పేవారు?

మర్చిపోయాను: పాత బయాప్సీ ముక్కల్ని దాచిన మైనపు బ్లాకులు వెతికిచ్చిన ల్యాబ్ తమ్ముడికి థాంక్స్. తిరగబెట్టినప్పుడు కేఐ-67 శాతం (గడ్డలో ఎన్ని కణాలు విభజన చెందుతున్నాయో చెప్పే అంకె) మారొచ్చు, అది 20 దాటితే గ్రేడ్ 3, అంటే వేగంగా పెరిగే రకం అంటారు, పాతదానితో పోల్చడానికి అవి కావాల్సి వచ్చాయి. రక్తం ఇచ్చిన వాళ్ళకి కూడా. ఇంకా, ఇన్ఫెక్షన్లని అడ్డుకునే ప్లీహం లేదు కదా, న్యుమోకాకల్, మెనింజోకాకల్, హిబ్ టీకాలు పడ్డాయా అని గుర్తుపెట్టుకుని అడిగిన నైట్ డ్యూటీ సిస్టర్‌కి.