వేట ఆగిన రెండు నెలలే ఇంజిన్లు చూసుకోవాల్సిన కాలం

సంపాదకుల వారికి నమస్కారం.

ఏప్రిల్ 15 దగ్గరపడుతోంది. ఆ రోజు నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్లు, మోటారు బోట్ల వేట బంద్. చేప గుడ్లు పెట్టే కాలం కాబట్టి నిషేధం ఉండాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. ఆ రెండు నెలలకు ఇచ్చే భృతిని మన రాష్ట్ర ప్రభుత్వం 2025లో 20 వేల రూపాయలకు పెంచింది. భృతి ఎవరికి అందింది, ఎవరి పేరు జాబితాలో గల్లంతైంది అన్న వార్తలు ఏటా ఈ రోజుల్లో పత్రికల్లో వస్తాయి, రావాలి కూడా. కానీ అన్ని రోజులూ ఒడ్డున ఎండకు పడి ఉండే ఇంజిన్ల గురించి ఎవరూ రాయరు, ఎవరూ అడగరు. కాకినాడ తీరంలో ఔట్‌బోర్డు ఇంజిన్లు, అంటే బోటు వెనక బయట బిగించే ఇంజిన్లు, బాగుచేసి బతికేవాణ్ణి. ఆ సంగతి అధికారుల చెవిన పడాలనే ఈ ఉత్తరం.

జూన్ 15 తెల్లవారుజామున గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి ఊళ్లకు ఊళ్లే వేటకు బయల్దేరతాయి. నిషేధ కాలంలో చేసిన అప్పులు, పిల్లల బడి ఖర్చులు, అన్నీ ఆ వేట మీదే ఆధారపడి ఉంటాయి. సరిగ్గా ఆ వారమే మా షెడ్డు ముందు ఇంజిన్లు వరస కడతాయి. ‘తాడు లాగి లాగి భుజం పోయింది, అంటుకోవట్లేదు’ అంటాడు ఒకరు. ‘అంటుకుంటోంది గానీ స్పీడు ఇవ్వగానే ఆగిపోతోంది’ అంటాడు ఇంకొకరు. ఇవన్నీ ఏప్రిల్ 14 దాకా చక్కగా నడిచిన ఇంజిన్లే. వాటిని పాడుచేసింది ఊరికే పడి ఉండటం.

పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే కార్బురేటర్ అడుగు గిన్నె విప్పితే అసలు సంగతి తెలుస్తుంది. బోటు ఒడ్డుకెక్కించిన రోజున అందులో మిగిలిన కాస్త పెట్రోలు ఆవిరైపోయి, కలిపిన ఆయిలూ మడ్డీ జిగురులా గిన్నెకు అంటుకుని ఉంటాయి. పెట్రోలు పైకి లాగే జెట్టు రంధ్రం చాలా సన్నది, అది మూసుకుపోవడానికి ఆ జిగురు చాలు. కొందరు ఇనప తీగ పెట్టి దాన్ని పొడుస్తారు. అప్పటికి ఇంజిన్ అంటుకుంటుంది గానీ రంధ్రం వెడల్పై ఇక జన్మంతా పెట్రోలు తాగుతూనే ఉంటుంది. ఈ పని క్లీనరుతో, గాలితో చేయాల్సింది. అంతకన్నా ముందే చేయాల్సింది ఇంకొకటుంది. చివరి వేట నుంచి వచ్చాక ఇంజిన్‌ను మంచినీళ్ల డ్రమ్ములో దించి, స్టార్ట్ చేసి, పెట్రోలు పైపు పీకేసి, కార్బురేటర్‌లో ఉన్నదంతా కాలిపోయి తనంతట తాను ఆగేదాకా నడిపించాలి. గిన్నె కింది స్క్రూ తిప్పి మిగిలిన చుక్కలు వంచేయాలి. ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో కాస్త ఆయిల్ వేసి, ఇంజిన్ పైనుండే చక్రం, ఫ్లైవీల్, చేత్తో నాలుగు చుట్లు తిప్పి మళ్లీ బిగించాలి. మొత్తం కలిపి గంట పని.

ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ20 పెట్రోలు, అంటే అందులో 20 శాతం ఇథనాల్. చాలా ఔట్‌బోర్డు కంపెనీల మాన్యువల్‌లో పది శాతం దాటిన ఇథనాల్ వాడొద్దని రాసి ఉంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన తీరంలో గాలికి తేమ తక్కువా? సగం నిండిన ట్యాంకు రెండు నెలలు అలాగే ఉంటే, తేమ ఎక్కువైన చోట ఇథనాలూ నీళ్లూ పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి చేరతాయి. ఇంజిన్ పెట్రోలు లాగేది ట్యాంకు అడుగు నుంచే. టూ స్ట్రోక్ ఇంజిన్‌కు పెట్రోలులో కలిపిన ఆయిలే ప్రాణం, యాభై లీటర్లకు లీటరు చొప్పున కలుపుతాం. అడుగున చేరిన ఆ నీళ్లలో ఆయిల్ సరిగా కలవదు. ఆయిల్ లేకుండా తిరిగిన పిస్టన్ సిలిండర్‌కు పట్టేస్తే ఆ ఖర్చు భృతి డబ్బులతో తీరదు. కాబట్టి నిషేధం మొదలయ్యే నాటికి ట్యాంకు ఖాళీ చేయాలి, ప్రతి బోటుకూ నీళ్లు వేరుచేసే ఫిల్టరు ఉండాలి. ఆ ఫిల్టరు చిన్న డబ్బా, వలల ఖర్చు ముందు దాని ఖర్చు ఎంత? అయినా చాలా బోట్లలో ఉండదు, అలాంటిది ఒకటుందని చెప్పినవాళ్లు లేరు గనక.

ఉప్పు సంగతి వేరు. ఔట్‌బోర్డు ఇంజిన్ సముద్రపు నీళ్లతోనే చల్లబడుతుంది. కింద పంపులో రబ్బరు రెక్కల ఇంపెల్లర్ నీళ్లు తోడితే, ఇంజిన్ అంతా తిరిగి పక్కనున్న చిన్న బొక్కలోంచి సన్నటి ధార బయటికి చిమ్ముతుంది. ఆ ధార సన్నబడితే వెంటనే ఇంజిన్ ఆపాలన్నది మా దగ్గర పని నేర్చుకునే కుర్రాడికి మొదటి రోజే చెబుతాం. వేట నుంచి రాగానే మంచినీళ్లతో కడక్కపోతే లోపలి దారుల్లో ఉప్పు గడ్డకడుతుంది. పైగా మన దగ్గర చాలా ఊళ్లలో బోట్లు ఇసుక ఒడ్డు మీదికే వస్తాయి, ఆ ఇసుక నీళ్లతో పాటు పంపులోకి పోయి రెక్కలను అరగదీస్తుంది. రెండు నెలలు కదలకుండా ఉన్న రెక్కలు వంగిన చోటే బిగుసుకుపోతాయి. మరి కడగమని చెబితే ఎక్కడ కడగాలి? చేపలు దించే రేవుల్లో చాలాచోట్ల మంచినీళ్ల కుళాయే లేదు. తాగే నీళ్లకు ఆడవాళ్లు బిందెలతో నిలబడే ఊళ్లో ఇంజిన్‌కు డ్రమ్ము నీళ్లు ఎవరు పోస్తారు? లక్ష దాటిన ఇంజిన్ పాడవడానికి ఒక కుళాయి లేకపోవడం కారణమంటే అధికారులకు చిన్న మాటగా అనిపించొచ్చు. నాకు మాత్రం అన్నిటికన్నా బాధ కలిగించేది అదే.

ప్రొపెల్లర్ విప్పి చూస్తే ఇంకో సంగతి. తెగిన వల ప్లాస్టిక్ దారం షాఫ్టుకు చుట్టుకుని, తిరుగుతూ తిరుగుతూ వేడెక్కి, నీళ్లు లోపలికి రాకుండా ఆపే రబ్బరు సీలులోకి దిగిపోతుంది. బయటికి ఏమీ కనబడదు. కింది గేరు ఆయిల్ స్క్రూ విప్పితే మజ్జిగ రంగులో ఆయిల్ కారుతుంది. అంటే సీలు కోసుకుపోయి నీళ్లు లోపలికి వెళ్లినట్టే. అప్పుడు పట్టుకుంటే సీలూ ఆయిలూ మారిస్తే సరిపోతుంది. రెండు నెలలు ఉప్పునీళ్లలో నానిన గేర్లు, బేరింగులు జూన్ తర్వాత ఎక్కడో నడిసముద్రంలో అరుస్తాయి.

ఇదంతా డబ్బు నష్టమే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. కెరటాలు విరిగే చోట ఇంజిన్ ఆగితే బోటు అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిన బోటును తర్వాతి కెరటం బోల్తా కొడుతుంది. లోపల దూరాన ఆగితే నీళ్లు ఎటు లాగితే అటే. సెల్‌ఫోన్ సిగ్నల్ అందే దూరం కొద్దే. కోస్ట్‌గార్డ్ నంబరు 1554, మెరైన్ పోలీసు నంబరు 1093 ఉన్నాయి, ఆ నంబర్లు ప్రతి బోటు మీదా పెద్ద అక్షరాలతో రాయించాలి కూడా. అయితే నడిసముద్రంలో ఇంజిన్ ఆగడానికి కారణం చాలాసార్లు బోటులో ఉన్నవాళ్లే సరిచేసుకోగలిగేది. ట్యాంకు మూత మీది గాలి స్క్రూ తెరవకపోతే కాసేపు నడిచి ఆగిపోతుంది. మనిషి నీళ్లలో పడితే ఇంజిన్ ఆగిపోయేలా మెడకో చేతికో కట్టుకునే తాడు క్లిప్పు ఊడితే ఎంత లాగినా అంటుకోదు. పైపు మధ్యనున్న రబ్బరు బంతి ఎంత నొక్కినా మెత్తగానే ఉంటే ఎక్కడో గాలి లాగుతోందని అర్థం. ఈ మూడూ తెలిసినవాడు బోటులో ఒకడుంటే ఎన్నో కుటుంబాలు రాత్రంతా ఒడ్డున ఎదురుచూసే బాధ తప్పుతుంది.

ఇంజిన్ యజమానిది, బాగుచేయించుకోవడమూ అతని పనే కదా అని ఎవరైనా అనొచ్చు. సామాన్ల ఖర్చు అతనిదే, ఒప్పుకుంటాను. కానీ చేయించుకోవడానికి మనిషి ఉండాలిగా! రాయితీ మీద ఇంజిన్లు ఇచ్చే రోజున ఫొటోలు, పూలదండలు ఉంటాయి. ఆ డబ్బాలో వచ్చే పుస్తకం ఇంగ్లిష్‌లో ఉంటుంది. ఆ తర్వాత అది ఎలా ఉందని అడిగేవాళ్లు ఉండరు. ఇంపెల్లర్ పోతే కాకినాడో విశాఖో పోవాలి, అక్కడా లేకపోతే చెన్నై నుంచి రావాలి. వేట రోజులు పోతాయని ఆగలేక, దొరికిన నాసిరకం సామాను వేయించుకుంటారు. బైక్ ఆయిలే పోసేవాళ్లూ ఉన్నారు. గాలితో చల్లబడే బైక్ ఇంజిన్‌కు చేసిన ఆయిల్ వేరు, నీళ్లతో చల్లబడే ఔట్‌బోర్డుకు కావాల్సిన టీసీ-డబ్ల్యూ3 ఆయిల్ వేరు. అది ఊళ్లో దొరకదు, అందుకే పోస్తున్నారు.

మత్స్యశాఖకు నా విన్నపం. నిషేధం మొదటి వారంలోనే ప్రతి రేవులో ఇంజిన్ శిబిరం పెట్టండి. మొదటి వారం అని గట్టిగా చెబుతున్నాను, జూన్‌లో పెడితే అప్పటికి జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉంటుంది. నేర్పేవాళ్లకు కొదవ లేదు. కాకినాడ జగన్నాథపురంలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉంది. మెరైన్ ఫిట్టర్లను తయారుచేసే కేంద్ర సంస్థ సిఫ్‌నెట్‌కు విశాఖలోనే శాఖ ఉంది. ఆ రెండు నెలలూ పనిలేక ఉండే కుర్రాళ్లను ఊరికి ఇద్దరి చొప్పున తీసుకుని, భృతితో పాటు శిక్షణ ఇచ్చి, పనిముట్ల పెట్టె చేతికిచ్చి పంపితే మళ్లీ ఏడాది శిబిరం వాళ్లే నడుపుతారు. నాలాంటివాళ్లం వచ్చి నేర్పడానికి సిద్ధం. మత్స్యకార సహకార సంఘాల దగ్గర ఇంపెల్లర్లు, ప్లగ్గులు, సీళ్లు, ఫిల్టర్లు, సరైన ఆయిల్ అసలు ధరకు ఉంచాలి. ఇక రాయితీ ఇంజిన్లకు టెండరు పిలిచేటప్పుడు, మొదటి సర్వీసులు రేవుకే వచ్చి చేయాలనీ, తెలుగులో పుస్తకం ఇవ్వాలనీ కంపెనీకి షరతు పెట్టాలి.

ఇది ఒక్క మత్స్యకారుల అవసరమే కూడా కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు జనాన్ని బోట్ల మీదే బయటికి తేవాల్సి వచ్చింది. గోదావరి లంకల్లో ఈ అవసరం తరచూ వస్తుంది. వరద వచ్చిన రాత్రి అంటుకోని ఇంజిన్ ఉన్నా లేనట్టే.

శిబిరాలకు, శిక్షణకు జీవోలు, నిధులు కావాలంటే కాస్త సమయం పట్టొచ్చు. రేవుకో మంచినీళ్ల కుళాయి, దాని పక్కన ఇంజిన్ దించే తొట్టె మాత్రం పంచాయతీలు తలుచుకుంటే ఏప్రిల్ 15 లోపే అవుతాయి. ముందు అది చేయించండి.

ఇట్లు,
ఒక ఔట్‌బోర్డు మెకానిక్,
ఉప్పాడ కొత్తపల్లి మండలం, కాకినాడ జిల్లా