మొక్కుబడి అంటే నాసిరకం కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

మా వీధిలో కొత్తగా కట్టిన మురుగు కాలువ మూడు నెలలకే పగిలింది. ఆ వార్తను మీ జిల్లా పేజీలో 'మొక్కుబడిగా కాలువ పనులు' అని వేశారు. వేసినందుకు సంతోషం. కానీ ఆ మాటకు మాత్రం నా మనసు ఒప్పుకోలేదు.

మొక్కుబడి అంటే దేవుడికి మొక్కుకుని తీర్చే బాకీ. రాబడి, దిగుబడి లాంటి మాటే. పిల్లాడికి జ్వరం తగ్గాలని పసుపు గుడ్డలో రూపాయి ముడుపు కట్టిన తల్లి, ఇంట్లో ఎంత ఇబ్బంది వచ్చినా దాన్ని ముట్టుకోదు. తిరుమలలో తలనీలాలు, వేములవాడలో కోడె మొక్కు, మేడారంలో నిలువెత్తు బెల్లం, ఏదైనా సరే అప్పు చేసైనా తీరుస్తారు. 'చేయాలి కాబట్టి చేయడం' అన్న ఒక్క ముక్క పట్టుకుని ఈ మాటను శ్రద్ధ లేని పనికి అంటగట్టాం. అతుకుల బొంత సంగతీ అంతే. మా అమ్మ పాత చీరలు పొరలుగా పరిచి దగ్గర దగ్గరగా కుట్టిన బొంతను మేం ముగ్గురం పిల్లలం ఏళ్ల తరబడి కప్పుకున్నా పిగిలిపోలేదు. గుంతలు పూడ్చిన రోడ్డును దాంతో పోలిస్తే బాధేస్తుంది.

మా కాలువకు సరిపోయే మాట వేరే ఉంది, 'మమ అనిపించారు'. పూజలో సంకల్పమంతా పురోహితుడే చదువుతాడు. మంత్రం రాని గృహస్థు చివర్లో 'మమ' అంటాడు, అంటే 'నాది' అని. ఇక్కడా అంతే. మాకు తెలిసి టేపు పట్టుకుని కొలిచిన మనిషి లేడు. అయినా ఎం-బుక్‌లో, అంటే పనుల కొలతలు రాసే పుస్తకంలో, కొలతలు ఎక్కాయి, సంతకం పడింది, బిల్లు పాసయింది. కాంక్రీటుకు కనీసం 7 రోజులు నీళ్లు పట్టాలి. మండుటెండల్లో పోసి, రెండో రోజుకే ఆపేశారు. వీధిలో ఆడవాళ్లం అడిగితే 'మీకెందుకమ్మా' అన్నారు.

మీ వార్తలో ఇవేవీ లేవు. 'మొక్కుబడి', 'తూతూమంత్రం' అని రాసి వదిలేస్తే తప్పు చేసినవాళ్లకు టెన్షనే ఉండదు. మందం ఎంత ఉండాలి, ఎంత వేశారు, ఎవరు కొలిచారు అన్నవి రాయండి.

కాలువ మళ్లీ పోస్తామంటున్నారు. ఈసారి మీ విలేకరి పోసే రోజునే రావాలని, తర్వాత వారం నీళ్లు పడుతున్నారో లేదో కూడా చూసి రాయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తెనాలి