లా మొదటి సంవత్సరం తమ్ముళ్లకి, చెల్లెళ్లకి

అందరికీ నమస్తే. నిన్న మూట్ కోర్టు (ఉత్తుత్తి కోర్టులో కేసు వాదించడం) ప్రాక్టీసులో మనవాడొకడు రెండు వాక్యాలు చెప్పి ఆగిపోయాడు. చేతిలో కాగితం వణుకుతోంది. వెనక ఎవరో నవ్వారు. నాకు నచ్చలేదు.

నాదీ తెలుగు మీడియమే. ‘రెస్ జ్యుడికాటా’ అంటే ఏంటో అర్థంకాక నెలల తరబడి వెనక బెంచీలో దాక్కున్నా. కోర్టు ఒకసారి తేల్చేసిన తగువు మీద అదే పార్టీలు మళ్లీ కేసు వేయకూడదని, సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) 11వ సెక్షన్ చెప్పేది అదేనని నెల్లూరు మద్రాసు బస్టాండు దగ్గర టీ తాగుతూ ఒక అక్క రెండు నిమిషాల్లో చెప్పేసింది. అందుకే శనివారం క్లాసులయ్యాక లైబ్రరీ వరండాలో కూర్చుందాం. తెలుగులోనే అడగండి. కావలి, కందుకూరు బస్సులెక్కాల్సినవాళ్ల డౌట్లు ముందు చూద్దాం.

ఇంకోటి. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హతగల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒక్కరైనా ఉండాలని సుప్రీంకోర్టు 2025 జూలైలో చెప్పింది. మన దగ్గర ఎవరున్నారో ఆఫీసులో రాసిచ్చి అడుగుదాం, లాయర్లం కాబోతున్నాం కదా! ఈలోపు టెన్షన్‌తో నిద్ర పట్టకపోయినా, మనసు బాగోకపోయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ ఉంటారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

నిన్న నవ్వినవాళ్లూ శనివారం తప్పకుండా రండి. సమోసాల ఖర్చు మీదే.